నాలుగు వేళ్ళ ఎత్తు

ఆ పేటలో వానకు వేళాపాళా లేదు. ఏడాదిలో ఎనిమిది నెలలు కురుస్తుంది, మిగతా నాలుగు నెలలు కురుస్తానని బెదిరిస్తుంది. ఇళ్ళ ముందు కంచె మొక్కలకు మాత్రం పండగే. ఇవాళ కోస్తే ఇరవై రోజుల్లో మళ్ళీ పిచ్చిపట్టినట్టు పెరుగుతాయి. తడి మీద కోస్తే ఆకు చిరుగుతుంది, చిరిగిన చోట కుళ్ళు పడుతుంది. ఆరాక కోద్దామంటే ఆరేదెప్పుడు, కోసేదెప్పుడు? అందుకే ఒక గంట తెరిపిచ్చిందంటే చాలు, మట్టం మేస్త్రీ, ఆయన భార్యా కోత మిషన్ వ్యాన్‌లో పడేసుకుని పరుగే పరుగు.

మట్టం మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. దారం కట్టకుండా, కర్ర పాతకుండా, వట్టి కంటిచూపుతో నలభై అడుగుల కంచెను పైన చెయ్యి జారేంత సమంగా కోసేవాడు. ఆ ‘కోసేవాడు’ దగ్గరే వచ్చింది చిక్కంతా. దాన్ని ఏడాదిగా గొంతులో పెట్టుకుని ఆయన భార్య మింగలేక కక్కలేక చస్తోంది.

పోయిన వానల్లోనే ఆమె కనిపెట్టింది. కుడి నుంచి మొదలుపెట్టిన కోత ఎడమకు పోనుపోను పైకి లేస్తోంది. మొదట వేలెడు, తర్వాత రెండు వేళ్ళు, ఇప్పుడు నాలుగు. ఎడమ కన్ను మసకేసిందని ఆమెకు అర్థమైపోయింది. ఎడమ పక్క నిలబడ్డ మనిషిని ఢీకొట్టి ఆ మనిషినే తిడుతున్నాడు మరి! “ఒక్కసారి కళ్ళ డాక్టరుకు చూపించుకోవయ్యా” అంటే చాలు, ఇల్లు పీకి పందిరేస్తాడు.

“నా కన్ను నిన్నేం చేసిందే? మేస్త్రికి చూపు తగ్గిందని నాలుగిళ్ళకు తెలిస్తే మన మిషన్ అటకెక్కుతుంది, తెలుసా?”

తప్పు నేలది, స్టూలుది, వానది, ఆఖరికి నోరులేని మొక్కది. ఆయనది తప్ప అందరిదీ.

ఆమెకు విసుగొచ్చి చెప్పడం మానేసింది. మానేసి ఇంకో పని పట్టుకుంది. కోత అయిపోయాక ఆయన వ్యాన్ దగ్గర మిషన్ తుడుచుకుంటుంటే, రెమ్మలు ఊడ్చే వంకతో పెద్ద కత్తెర తీసుకుని, లేచిన భాగాన్ని చకచకా కోసి సమం చేసేస్తుంది. ఏ ఇంటివాళ్ళూ ఇంతవరకూ వేలెత్తి చూపలేదు. ఆయనేమో అదంతా తన చేతి చలవేనని మీసం దువ్వుకుంటున్నాడు. చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. మండుతూనే కోస్తుంది.

ఆ పొద్దున రిటైరైన టీచరమ్మగారింట్లో పని. వీధి అరుగు పొడుగునా మనిషి గడ్డం దాకా వచ్చే కంచె. ఆవిడ వరండాలో కూర్చుని కళ్ళజోడు పైనుంచి చూస్తోంది.

“ఏమయ్యా మేస్త్రీ, తడి మీద కోస్తున్నావు, ఆకు నల్లబడదూ?”

“వానకు మీరు చెప్పండమ్మా. అది వింటే నేనూ వింటాను.”

కోత ముగించి ఆయన వ్యాన్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కత్తెర అందుకుంది. కంచె నడిమి నుంచి మొదలుపెట్టి రెండు మూరలు కోసిందో లేదో, వెనక నుంచి కేక. బ్లేడుకు పూసే నూనె సీసా మర్చిపోయి తిరిగొచ్చాడు మహానుభావుడు.

“ఏం చేస్తున్నావే! నేను కోసిన దాని మీద కత్తెర పెడతావా?”

“వంకర పోయింది, సరి చేస్తున్నా.”

“వంకరా? నా కోతా?” అంటూ ఎగిరిపడ్డాడు. “నీ బుర్ర వంకర పోయింది!”

ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది. “అరుగు సమంగానే ఉంది కదా? అయితే నడువు. ఆ చివర నుంచి ఈ చివరకు కంచెను ఆనుకుని నడిచి చెప్పు.”

విసవిసా వెళ్ళాడు. కుడి చివర కోసిన అంచు ఆయన గడ్డానికి తగిలింది. నడుచుకుంటూ ఎడమ చివరకు వచ్చేసరికి ముక్కుకు తగిలింది. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. గడ్డం. మళ్ళీ వచ్చాడు. ముక్కు. ఈసారి నేలను తిట్టలేదు.

“కుడి కన్ను మూసుకో. టీచరమ్మగారు కనిపిస్తున్నారా?”

ఆయన మూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“వరండా ఉన్నట్టుంది” అన్నాడు చివరికి. మూసిన కన్ను తెరిచి, “ఎన్నాళ్ళ నుంచి తెలుసే నీకు?” అని అడిగాడు.

“పోయిన వానల నుంచి. ప్రతి ఇంట్లోనూ నేనే సరిచేశా. నీ పేరు పోకూడదని.”

ఇక విరుచుకుపడతాడని ఆమె నడుం బిగించుకుని నిలబడింది. తిట్టడానికి తన దగ్గరా ఏడాది సరుకుంది. కానీ ఆయన గొంతు లేవలేదు.

“నువ్వు చెబితే విననని తెలుసు. మొండివాణ్ణి, ఒప్పుకుంటా. కానీ నువ్వలా వదిలేసుంటే ఏదో ఒక ఇంటాయన ముఖం మీదే అనేవాడు కదే. ఆ అవమానానికైనా డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాణ్ణి.”

ఆమె తన చేతిలోని కత్తెర వంక చూసుకుంది. ఏడాది పాటు ఆయన మొండితనాన్నే తిట్టుకుంది. తన కత్తెర ఎన్ని ఇళ్ళ ముందు ఆయన కన్నును డాక్టరుకు కనబడకుండా దాచిందో ఒక్కసారీ లెక్క వేసుకోలేదు. భయం వేసింది. ఆ భయం మీద మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి తన మీదే.

“పద. ఎక్కు వ్యాన్. ఇప్పుడే ఆసుపత్రికి.”

“పని సగంలో ఉంది కదే...”

“ఎక్కమన్నానా!”

ఆమె కత్తెర వెనక పడేసి తలుపు మూసింది. టీచరమ్మగారు వరండా మెట్లు దిగొచ్చింది.

“ఇదేంటమ్మా, ఎడమ పక్కంతా ఎత్తుగా ఉంది! ఇలాగే వదిలేసి పోతారా?”

“తెలుసండీ,” అంది ఆమె. “మా ఆయనకు ఎడమ కన్ను కనబడదు. వీధిలో అందరికీ చెప్పండి.”