ముప్పై ఒక్క గ్రాముల కోను

మార్చిలో ఆ వారమంతా మా ఆయన తోర్కిల్ ఒక్కచోట కూర్చోలేదు. కాఫీ పోసిస్తే రెండు గుక్కలు తాగి షెడ్డులోకి వెళ్లిపోయేవాడు. కాసేపటికి కప్పు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ వచ్చేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు మున్సిపాలిటీలో సర్వేయరుగా పనిచేసి, పొలాల హద్దులు కొలిచిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో స్పీకర్లు కట్టడంలో పడ్డాడు. మా ఊరు ఆర్హుస్‌లో అలాంటి వాళ్లకో క్లబ్బు ఉంది. దాని పత్రికలో ఏ అంకె వెయ్యాలన్నా తోర్కిలే కొలవాలి.

జనవరిలో ఆరు వూఫర్లు తెచ్చి పోల్చాడు. స్పీకరు పెట్టెలో అడుగున ఉండి, డోలు దెబ్బల్లాంటి లోతైన శబ్దాలు పలికించేది వూఫరు. కొలిచే పద్ధతి తేలికే. దాని కాగితపు కోను మీద ఇరవై గ్రాముల నీలం జిగురు ముద్ద అంటిస్తాడు, కొలిచాక ఊడదీసి ఇంకోదానికి వాడతాడు. బరువు పెరిగితే కోను ఊగే వేగం తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి కోను అసలు బరువు లెక్క కడతాడు. ఐదింటికీ కంపెనీలు చెప్పిన అంకెలే వచ్చాయి. ఆరోది లెమ్‌విగ్ అనే ఊళ్లో వీబెకె అనే ఆవిడ సొంతంగా చేసి అమ్మేది. ఆవిడ కాగితంలో ఇరవై నాలుగు గ్రాములని ఉంది. ఈయనకు ముప్పై ఒకటి వచ్చింది. మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ అంతే. ‘తయారు చేసినవారి అంకెలు నమ్మదగినవి కావు’ అని పత్రికలో రాసేశాడు. క్లబ్బులో ఇద్దరు ఆవిడ దగ్గర పెట్టిన ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు.

"నువ్వు రాసింది అందరూ మెచ్చుకుంటున్నారుగా, ఇంకేంటి నీ బాధ?" అని అడిగాను.

"ఆ ఆరోది బాగా వినిపించింది, మెరెటె."

"వినిపిస్తే మంచిదే కదా?"

"అంత బరువున్న కోను అంత చురుగ్గా పలక్కూడదు. ఎక్కడో ఏదో తేడా ఉంది."

గురువారం పొద్దున దాన్ని మళ్లీ బల్లమీదికెక్కించాడు. నేను వంటింట్లో రొట్టె కోస్తున్నాను.

"మెరెటే!"

కత్తి పక్కన పడేసి పరిగెత్తాను. షెడ్డులో ఉత్తరాలు తూచే చిన్న త్రాసు ముందు నిలబడి ఉన్నాడు.

"ఈ ముద్ద ఎవరు ముట్టుకున్నారు? పదిహేనున్నరే ఉంది!"

నాకు గుర్తొచ్చింది. వంటింటి గోడకున్న కొత్త కేలండరు వెనక, నాలుగు మూలలా ఆ నీలం జిగురే ఉంది.

"నేనే. జనవరిలో. చిటికెడు తీశానంతే."

"చిటికెడా? నాలుగున్నర గ్రాములు!"

"నాకేం తెలుసు? గోడకి కాగితాలు అంటించుకునే జిగురది. ముట్టుకోవద్దని చీటీ రాసి పెట్టావా?"

"ఎప్పుడు తీశావు? ఏ రోజు?"

"శనివారం సాయంత్రం. నువ్వు స్నానానికెళ్లినప్పుడు."

ఐదు వూఫర్లు శనివారం కొలిచాడు. ఆరోది ఆదివారం. కాగితం లాక్కుని పదిహేనున్నరతో మళ్లీ లెక్క వేశాడు. ఇరవై నాలుగు వచ్చింది. ఆ వారంలో మొదటిసారి కూర్చున్నాడు, ఖాళీ స్పీకరు పెట్టె మీద.

"తప్పు నీది కాదులే. పొద్దున్నే పరికరం సరిచూసుకోకుండా ఏనాడూ ఒక్క హద్దు రాయి పాతించలేదు. ఆదివారం ముద్ద మళ్లీ తూచాల్సింది నేను."

"ఆవిడకి ఫోన్ చెయ్యి."

"ఫోన్లో చెప్పే మాట కాదు."

లెమ్‌విగ్ దాకా కారు నేనే నడిపాను. దారి పొడుగునా అద్దం దించుతాడు, ఎత్తుతాడు. ఏం చెప్పాలో తనలో తనే అప్పజెప్పుకుంటాడు, సగంలో ఆపి మళ్లీ మొదలెడతాడు. వీబోర్ ఊరు దాటాక గాలి కారును పక్కకు తోస్తోంది. "మెల్లగా పోనీ" అంటాడు, మరుక్షణం "ఇంకెంత దూరం?" అంటాడు.

వీబెకెకు యాభై ఏళ్లుంటాయి. పాత పాలకేంద్రాన్ని పనిచేసే చోటుగా మార్చుకుంది. మమ్మల్ని కూర్చోమనలేదు. తోర్కిల్ దారిలో అనుకున్నదంతా మరిచిపోయి, జరిగింది జరిగినట్టు ఒక్క ఊపులో చెప్పేశాడు. ఆవిడ వేళ్లకు ఎండిన జిగురు గోక్కుంటూ విన్నది.

"పత్రిక వచ్చిన రోజే ఒక కోను కోసి తూచాను. ఇరవై నాలుగు. నా త్రాసు మీదే అనుమానమొచ్చింది. మందుల షాపుకి తీసుకెళ్లి తూయించాను. అక్కడా అంతే. అయినా నమ్మకం కుదర్లేదు. మూడు వారాలు ఒక్కటి కూడా చెయ్యలేదు నేను."

"మీరు నాకో ఉత్తరం రాయాల్సిందండీ."

"ఏమని? అమ్ముకునేదాన్ని, నా మాట ఎవరు వింటారు? కొలిచింది మీరాయె."

నేను ఉండబట్టలేక అన్నాను: "ఆ జిగురు తీసింది నేనండీ. కేలండరు కోసం."

నావైపు తిరిగింది. "కనీసం బొమ్మలైనా బాగున్నాయా?"

"లేవు. అన్నీ ట్రాక్టర్లే."

నవ్వు ఆపుకుంది గానీ ముఖం కాస్త సడలింది. తర్వాత తోర్కిల్‌ని అడిగింది: "అంకెలు సరే. విన్నారు కదా, ఎలా ఉంది?"

"ఆరింటిలో నాకు నచ్చింది మీదే."

"మరి ఆ మాట రాయలేదేం?"

ఆయన టోపీని చేతుల్లో తిప్పాడు. "అంకె ఒకలా, చెవి ఒకలా చెప్తుంటే చెవి మాట రాయడానికి భయమేసింది."

"భయం మీకూ ఉందన్నమాట" అని, ఆవిడ కాఫీ పెట్టడానికి వెళ్లింది.

సవరణను చివరి పేజీలో చిన్నగా వేస్తానన్నాడు పత్రిక చూసే ప్రెబెన్. "తప్పు ఏ పేజీలో వేశావో సవరణా ఆ పేజీలోనే వెయ్యి, లేకపోతే ఇకమీదట నీకు నువ్వే కొలుచుకో" అన్నాడు తోర్కిల్. మొదటి పేజీలోనే వేశారు. తన చెవికి ఏది నచ్చిందో కూడా అందులో రాశాడు. వెనక్కి తగ్గిన ఇద్దరిలో ఒకాయన మళ్లీ వీబెకె దగ్గరే కొన్నాడు. రెండో ఆయన అప్పటికే వేరేవి బిగించేసుకున్నాడు, ఆ ఆర్డరు పోయినట్టే.

అక్టోబరులో క్లబ్బు సమావేశంలో తోర్కిల్ ఆవిడ వూఫర్లతో, లోపల మోత రాకుండా ఉన్ని కూరి కట్టిన స్పీకర్లు వినిపించాడు. వీబెకె వచ్చి వెనక వరసలో కూర్చుంది. పాట నడుస్తున్నంతసేపూ ఈయన కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. అయ్యాక ఆవిడ లేచి, చప్పట్లు ఆగకముందే అంది:

"కుడి పెట్టెలో ఉన్ని ఎక్కువ కూరారు. ఊపిరాడటం లేదు దానికి."

జనం కాఫీల కోసం లేస్తున్నారు. తోర్కిల్ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, వెనక మరలు విప్పుతున్నాడు. ఆవిడ కోటు విప్పి కుర్చీ మీద పడేసి, టార్చి పట్టుకోవడానికి పక్కన వంగింది.