పదిహేడు ఫోన్లు

మహేష్ సెల్ పాయింట్ వెనక గదిలో పదిహేడు ఫోన్లు ఛార్జింగ్‌లో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ రిపేరుకి వచ్చింది కాదు. ప్రతి ఫోన్ వెనకా తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద వార్డు నంబరు, లాక్ తీసే పిన్ రాసి ఉన్నాయి.

ఆ ఫోన్ల యజమానులు నాగార్జునసాగర్ దగ్గర ఒక రిసార్టులో ఉన్నారు. మున్సిపల్ చైర్మన్ యల్లమందరావు మీద గురువారం అవిశ్వాస తీర్మానం. ఇరవై ఐదు వార్డుల పట్నంలో అది నెగ్గాలంటే పదిహేడు చేతులు లేవాలి. వైస్ చైర్మన్ ఆంజనేయులు తనతో కలిపి సరిగ్గా పదిహేడు మందిని పోగేసి, ఆదివారం బస్సెక్కించి, ఎక్కేముందు తనదాంతో సహా అందరి ఫోన్లూ తీసిపెట్టించాడు. క్యాంపు అంటే అంతే. ఫోన్ ఉంటే అవతలి పక్షం నుంచి కబురొస్తుంది, కబురొస్తే మనసు మారుతుంది.

అయితే అన్ని ఫోన్లూ ఒకేసారి మూగబోతే, క్యాంపులో ఎవరెవరున్నారో యల్లమందరావు కూర్చున్నచోటే లెక్క కట్టేస్తాడు. వాళ్ల బంధువుల మీదికి మనుషుల్ని పంపుతాడు. అందుకే ఆ ఫోన్లు ఊళ్లోనే బతికుండాలి. బతికించే పని మహేష్‌ది.

చెప్పినంత తేలిక పని కాదు. మూడో వార్డు బెంజిమిన్ పొద్దున్నే బైబిల్ వాక్యం పెడతాడు. తొమ్మిదో వార్డు రఫీక్ తను స్టేటస్ పెట్టడు గానీ అందరివీ చూస్తాడు. చూడకపోతే అలిగాడనుకుంటారు. ఇరవయ్యో వార్డాయన గుండెపోటుకి అల్లం రసం, కిడ్నీలో రాళ్లకి అరటి దూట అంటూ కనపడిందల్లా ఫార్వర్డ్ చేస్తాడు, ఒక్కటీ చదవడు. పదకొండో వార్డాయన పుట్టినరోజు వాళ్లకి మూడు కేకు బొమ్మలు, రెండు దండాలు పెడతాడు. దండాలు నాలుగైతే పెట్టింది ఆయన కాదని తెలిసిపోతుంది. ఎవరైనా కాల్ చేస్తే కట్ చేసి, 'మీటింగ్‌లో ఉన్నాను, మెసేజ్ పెట్టండి' అని కొట్టాలి. ఒక్కరికీ అనుమానం రాలేదు. పట్నంలో నాయకులు ఎప్పుడూ మీటింగ్‌లోనే ఉంటారు.

మహేష్ ఇదంతా ఆంజనేయులు మీద అభిమానంతో చేయడం లేదు. అతని షాపు బస్టాండు పక్కనున్న మున్సిపల్ కాంప్లెక్స్‌లో ఉంది. దాన్ని పడగొట్టి కొత్తది కడతామని, ఈ నెలాఖరుకి ఖాళీ చేయాలని షాపులవాళ్లందరికీ నోటీసులొచ్చాయి. కొత్తదాంట్లో షాపులు చైర్మన్ మనుషులకే వెళ్తాయని బస్టాండులో టీ తాగే ప్రతివాడికీ తెలుసు.

"యల్లమంద దిగితే నీ నోటీసు చించి నీ చేతికిస్తా" అని ఆంజనేయులు మాటిచ్చాడు.

పదిహేడు చేతులు లేస్తే షాపు ఉంటుంది. ఒక్కటి తగ్గినా ఉండదు. మహేష్‌కి తెలిసిన రాజకీయం అంతవరకే.

బుధవారం మధ్యాహ్నం అతని భార్య సుకన్య క్యారేజీ తెచ్చింది. మహేష్ ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో పద్నాలుగో వార్డు ఫోన్‌లో టైపు చేస్తున్నాడు.

"ఏమయ్యా, తినేటప్పుడన్నా వదలవా దాన్ని? ఎవురిదది?"

"సుభాషిణక్కది. కాలవ పూడిక తియ్యలేదని వార్డు గ్రూపులో గోల చేస్తన్నారు. చూస్తామని కొడుతున్నా."

"ఆమెనే అడిగి కొట్టరాదా?"

"సాగర్‌లో ఉందిగా."

"సాగర్‌లో ఉంటే, పొద్దున రైతుబజార్లో నాకు బెండకాయలు ఏరిపెట్టిందెవురు?"

మహేష్ చేతిలో ముద్ద ఆగింది.

"ఎవురినో చూసుంటావు."

"ఎవురినో చూసి అక్కా అంటానా? కొసలు తుంచి చూసుకోవే, ముదురొచ్చినయ్ అని కూడా చెప్పింది. కావాలంటే కూర తిని చూడు, ఒక్కటీ ముదురు లేదు."

మహేష్ ఆ ఫోన్‌ని మొదటిసారి సరిగ్గా చూశాడు. పేరు 'కౌన్సిలర్, 14వ వార్డు'. ఫొటోలో మెడ నిండా దండలతో ఆమె భర్త త్రికోటేశ్వరరావు. పైన మూల చిన్న గుండ్రంలో సుభాషిణి. గ్యాలరీ తెరిచాడు. ప్రారంభోత్సవాలు, పరామర్శలు, పెళ్లిళ్లు, అన్నింట్లోనూ త్రికోటేశ్వరరావే.

ఆంజనేయులికి ఫోన్ చేశాడు. క్యాంపులో మోగేది అతను వెంట ఉంచుకున్న రెండో ఫోన్ ఒక్కటే.

"అన్నా, పద్నాలుగో వార్డు అక్కడుందా?"

"ఎదురుగానే. చేప ముక్కలు తింటన్నాడు."

"త్రికోటేశ్వరరావు గారు కాదన్నా. సుభాషిణక్క."

"త్రికోటి ఉంటే ఆమె ఉన్నట్టే గదరా."

"రేపు హాల్లో చెయ్యెత్తాల్సింది ఆమె అన్నా. ఆయన్ని పోలీసులు గేటు కాడే ఆపేస్తారు."

అవతల ఆంజనేయులు గొంతు దూరంగా వినిపించింది.

"ఒరేయ్ త్రికోటీ, మీ ఆవిడేదిరా?"

"ఇంటికాడుందన్నా. పిల్లదానికి పరీక్షలు. రేపు ఫోన్ చేస్తే వచ్చుద్దిలే."

"ఏ ఫోన్‌తో చేస్తావురా? నీ ఫోన్ మహేష్ గాడి దగ్గరుంది."

ఆదివారం బస్సులో వార్డుల వారీగా పిలిచినప్పుడు మిగతా ఆడ కౌన్సిలర్లు భర్తలతోపాటు ఎక్కారు. పద్నాలుగు అనగానే త్రికోటేశ్వరరావు 'ఉన్నా' అన్నాడు. నాలుగేళ్లుగా ఆ నంబరుకి పలికేది ఆయనే కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు.

"మహేషూ, యల్లమందకి తెలవకముందే ఆమెని కారెక్కించి సాగర్ తీసుకొచ్చెయ్" అన్నాడు ఆంజనేయులు. "ఆమె రాకపోతే మనమంతా రిసార్టుకొచ్చి చేపలు తిని పోయినట్టే."

మహేష్ పద్నాలుగో వార్డు ఫోన్ జేబులో వేసుకుని, షాపు సుకన్యకి అప్పజెప్పి బయల్దేరాడు. ఆమె ఇల్లు వినుకొండ రోడ్డులో. వెళ్లేసరికి సుభాషిణి వరండాలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అక్కా, సాగర్ వెళ్దాం. కారొస్తంది."

"ఆయన వెళ్లాడుగా."

"రేపు ఓటు నీది గదక్కా."

"ఆ సంగతి ఇయ్యాల గుర్తొచ్చిందా మీకు?" ఆమె చొక్కా మడత ఆపలేదు. "సరే గానీ, ఇందులో నీకేంది? ఆంజనేయులన్న నీకేమవుతాడు?"

మహేష్‌కి అబద్ధం చెప్పే ఓపిక లేదు. షాపు సంగతి, నోటీసు సంగతి, ఆంజనేయులు ఇచ్చిన మాట సంగతి చెప్పాడు. ఆమె మొత్తం విని చొక్కా పక్కన పెట్టింది.

"చైర్మన్ దిగితే నోటీసు పోద్దని ఎవురు చెప్పారు నీకు? అది చైర్మన్ ఒక్కడిది కాదు, కౌన్సిల్ తీర్మానం. ఆ మీటింగులో నేనూ ఉన్నా."

"ఎవురెవురు చెయ్యెత్తారక్కా?"

"అందరం. ఆంజనేయులన్న ముందే ఎత్తాడు. కొత్త కాంప్లెక్సులో పైఅంతస్తు వాళ్ల బావమరిదికని అప్పుడే అనుకున్నారు. నేనూ ఎత్తా. ఎత్తమని మా ఆయన ఇంటికాడే చెప్పి పంపాడు, ఎత్తా. అది మా వార్డులో కాంప్లెక్సని కూడా తర్వాతే తెలిసింది."

మహేష్ అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆదివారం నుంచి అతను శుభోదయాలు పెట్టి, పుట్టినరోజులు చేసి, కిడ్నీ రాళ్లు కరిగించి బతికించుకొచ్చిన పదిహేడు మందీ అతని షాపు పడగొట్టడానికి చెయ్యెత్తినవాళ్లే.

జేబులో ఫోన్ టింగుమంది.

"అది మా ఫోనేగా" అంది సుభాషిణి. "ఇటియ్యి."

"క్యాంపు అయ్యేదాకా ఎవురికీ ఇయ్యొద్దన్నారక్కా."

"కౌన్సిలర్‌కి కూడానా?"

మహేష్ ఫోన్ ఇచ్చాడు. ఆమె వార్డు గ్రూపు తెరిచి పైకి, ఇంకా పైకి జరుపుతూ చదివింది. కౌన్సిలర్ గారూ కాలవ. కౌన్సిలర్ గారూ వీధి లైటు. కౌన్సిలర్ గారూ కుక్కలు. ప్రతిదాని కిందా 'చూస్తాం'.

"ఇందులో నువ్వు కొట్టినయ్యేవి, ఆయన కొట్టినయ్యేవి?"

"ఆదివారం నుంచి నావి."

"తేడా తెలవట్లేదే" అంది.

తర్వాత అదే ఫోన్ నుంచి ఆంజనేయులికి వీడియో కాల్ కలిపి, మహేష్‌కి సైగ చేసింది. "నీ ఫోన్‌తో ఇది తియ్యి. ఆయన మొకం కనపడాలి. మాట ఇనపడాలి."

తెర మీద ఆంజనేయులు మొహం వచ్చింది. వెనక ఈతకొలను, ప్లాస్టిక్ కుర్చీలు.

"అమ్మా సుభాషిణీ, కారెక్కావా?"

"లేదన్నా. బస్టాండు కాంప్లెక్స్ నోటీసులు వెనక్కి తీసుకుంటామని ఒక్క మాట చెప్పు. కారు కూడా అక్కర్లేదు. రేపు నేనే స్కూటీ మీద వస్తా."

"అయ్యన్నీ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. ఇదిగో, త్రికోటికి ఇస్తున్నా."

త్రికోటేశ్వరరావు మూతి తుడుచుకుంటూ తెర మీదికొచ్చాడు. "ఏమే, అన్న చెప్పినట్టు విను. ఫోన్ మహేష్‌కిచ్చి కారెక్కు."

"నువ్వు చేపలు తిను. రేపు హాల్లో నీకేం పని లేదు."

వెనకెవరో పకపకా నవ్వారు. ఆయన తెర మీంచి తప్పుకున్నాడు. అప్పుడే గేటు ముందు తెల్ల కారు ఆగింది. అందులోంచి చైర్మన్ భార్య జ్యోతిర్మయి దిగింది. చేతిలో పళ్ల సంచి. రైతుబజారులో సుభాషిణిని చూసింది సుకన్య ఒక్కతే కాదు.

సుభాషిణి ఫోన్‌ని నెమ్మదిగా గేటు వైపు తిప్పింది. కారు కనిపించింది. కారు ముందు చైర్మన్ బోర్డు కనిపించింది. పళ్ల సంచి కూడా కనిపించింది. మళ్లీ తన వైపు తిప్పుకుంది.

ఆంజనేయులు గొంతు సవరించుకున్నాడు. "బస్టాండు కాంప్లెక్స్ షాపుల నోటీసులు వచ్చే మీటింగులోనే రద్దు చేస్తాం. ఇది నా మాట. చాలామ్మా?"

"నీ ఒక్కడి మాటేనా అన్నా?"

"మా పదిహేడు మంది మాట."

ఆమె కాల్ కట్ చేసి లేచి నిలబడింది. "రండొదినా, కూర్చోండి. మంచినీళ్లు తెస్తా" అని జ్యోతిర్మయికి కుర్చీ వేసింది. లోపలికి వెళ్తూ మహేష్‌తో, "ఆ వీడియో నాకు పంపు. నువ్వు పో, షాపు కాడ పనుంటది" అంది.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మహేష్‌కి తెలియదు. రేపు ఆమె ఎటువైపు చెయ్యెత్తుతుందో చెప్పనూ లేదు, అతను అడగనూ లేదు. షాపుకి వచ్చేసరికి 'కౌన్సిలర్, 14వ వార్డు' స్టేటస్‌లో ఆంజనేయులు మాట్లాడుతున్నాడు. వార్డు గ్రూపులోనూ అదే వీడియో. దాని కింద సొంత చేత్తో ఒక వాక్యం: 'కాలవ సంగతి శుక్రవారం నేనొచ్చి చూస్తాను. సుభాషిణి.'

సుకన్య వీడియో మొత్తం చూసి ఫోన్ మొగుడి చేతిలో పెట్టింది.

"ఈ మాట రేపు సాయంత్రానికి ఉంటదా?"

"ఏమో. నెగ్గాక, అది సుభాషిణి బలవంతం మీద అన్నానంటాడు."

"పదిహేడు మంది మాటన్నాడుగా. ఆ పదిహేడు మందీ అనలేదే?"

మహేష్ వెనక గదిలోకి చూశాడు. పదహారు ఫోన్లు. పదహారు పిన్‌లు. ఆదివారం నుంచీ వాళ్లు ఏం అన్నా అన్నది అతనే.

మొదట బెంజిమిన్ ఫోన్ తీశాడు. వీడియో స్టేటస్‌లో పెట్టి, కింద 'మా అందరి మాట' అని కొట్టాడు. తర్వాత ఇరవయ్యో వార్డాయనది. ఆయన నంబరు నుంచి వీడియో ఆయనకున్న గ్రూపులన్నింటికీ వెళ్లింది. పదకొండో వార్డాయన స్టేటస్ కింద మరిచిపోకుండా రెండే దండాలు పెట్టాడు. రఫీక్ ఎప్పుడూ స్టేటస్ పెట్టడు. మహేష్ కాసేపు ఆలోచించాడు. అలవాటు తప్పితే అనుమానం వస్తుంది. కానీ ఇక దాచడానికి ఒక్క రాత్రే ఉంది. రఫీక్‌దీ పెట్టేశాడు. చూసినవాళ్ల సంఖ్య కళ్ల ముందే పెరుగుతూ పోయింది. రాత్రి పడుకునేలోపు అదే వీడియో అతని సొంత ఫోన్‌కి తొమ్మిది వైపుల నుంచి తిరిగొచ్చింది.

గురువారం మున్సిపల్ ఆఫీసు గేటు ముందు పోలీసులు తాడు కట్టారు. సాగర్ బస్సు వచ్చింది. కౌన్సిలర్లు లోపలికెళ్లారు. త్రికోటేశ్వరరావుని, ఇంకొందరు భర్తల్ని తాడు దగ్గరే ఆపారు. మహేష్ సంచి నిండా ఫోన్లతో వాళ్ల పక్కన నిలబడ్డాడు. సుభాషిణి అందరికంటే ఆఖరున స్కూటీ మీద వచ్చింది. భర్త ఏదో అనబోయాడు. ఆమె హెల్మెట్ తీసి ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

ఆర్డీవో తీర్మానం చదివి చేతులెత్తమన్నాడని, పదహారు చేతులు లేచాయని, పదిహేడోది లేవడానికి కొంచెం ఆలస్యమైందని ఆ తర్వాత బయటికొచ్చిన అటెండరు చెప్పాడు. ఆ కొంచెంలో ఆంజనేయులు చొక్కా తడిసిపోయిందట. లేచింది మాత్రం లేచింది.

గెలిచినవాళ్లు బయటికొచ్చి సంచి చుట్టూ మూగారు. ఎవరి ఫోన్ వాళ్లు తీసుకున్నారు. ముందుగా స్టేటస్ చూసుకుంది రఫీక్.

"ఎవుర్రా ఇది పెట్టింది?"

"మీరే అన్నా" అన్నాడు మహేష్.

రఫీక్ ఇంకేదో అనేలోపే కాంప్లెక్స్ షాపులవాళ్లు దండలతో వచ్చిపడ్డారు. పదిహేడు మందికీ పదిహేడు దండలు. నోటీసులు రద్దు చేస్తామన్నందుకు పేరుపేరునా దండాలు. ఎవరో లైవ్ పెట్టారు. మెడలో దండ పడ్డాక ఆ మాట నాది కాదని కెమెరా ముందు అనేవాడు ఆ గుంపులో ఒక్కడూ లేడు. ఇరవయ్యో వార్డాయనైతే షాపులవాళ్ల కష్టం మీద అప్పటికప్పుడు ఉపన్యాసం మొదలుపెట్టాడు.

ఆంజనేయులు దండ సర్దుకుంటూ మహేష్ దగ్గరికొచ్చాడు. కెమెరా వైపు నవ్వుతూనే చెవిలో అన్నాడు.

"నీ షాపు నీకుంటదిలేరా. ఇంకోసారి మాత్రం నిన్ను ఏ పనికీ పిలవను."

"సరేనన్నా" అన్నాడు మహేష్.

ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. షటరు ఎత్తేసరికి రీఛార్జి కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు.