ఉప్పెయ్యని గురుగులు

పొద్దుగాల లేవంగనే వజ్రమ్మ చేసే మొదటి పని మనుమరాలి నోరు కనిపెట్టుడు. పండ్ల కోసం కాదు, మాటల కోసం. "రాత్రి కొత్త మాటేమన్న అన్నదా?" అని కోడలు స్వరూపను అడిగేది. లేదంటే పానం నిమ్మలమయ్యేది. అటెన్కనే చాయ తాగేది.

లోకంల ఏ నాయినమ్మకైనా పిల్లకు మాటలొస్తున్నయంటే సంబురం. వజ్రమ్మకేమో గుబులు. ఎందుకంటే మనుమరాలు బుచ్చిది పెట్టే చెయ్యి. కొందరు పిల్లలకు నెత్తి మీద రెండు సుడులుంటయి, కొందరికి ఎడమ చెయ్యి వాటముంటది, కొందరికి పెట్టే చెయ్యి ఉంటది. గసొంటి పిల్లలు ఆడుకునే గురుగులల్ల ఉత్తుత్తి బువ్వ వండి ఎవరి పేరు చెప్పి పెడితే వాళ్ల కడుపు నిండుతది, వాళ్లు ఏడున్నా సరే. బుచ్చికి ఏడాదిన్నర వెళ్లినంక ఓనాడు ఉత్త గుప్పిట తెచ్చి "నానీ, ఆం" అంటే వజ్రమ్మకు పెద్ద తేన్పొచ్చింది. గురుగులు లేవు గనక తేన్పుతోనే ఆగింది. అవి ఉంటే కడుపే నిండేది. ఈ సంగతి జనగామల ఆ గల్లీ అందరికీ ఎరుకే. పిల్ల నాలుగు మాటలు కూర్చి మాట్లాడిననాడు ఆ చెయ్యి పోతదని గూడ ఎరుకే.

గందుకే ఇంట్ల రోజు లొల్లి. గురుగులు ఎప్పుడు కొనాలె?

"మూడేండ్లు నిండినంకనే," అనేది పక్కింటి పోచమ్మ. "ఇప్పుడొచ్చేటియన్నీ పిలాస్టికు. మూతలు మింగుతరు."

"మూడేండ్లకు ఇది మీటింగుల మైకు గుంజుకుంటది," అనేది వజ్రమ్మ. "అప్పటిదాక చెయ్యి ఉంటదా? ఇప్పుడే కొనాలె. నా కొడుకు ఎండి వరుగైతుండు."

ఆమె కొడుకు పరశురాములు ఆర్టీసీల కండక్టరు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది, బస్సులన్ని డిపోల పండుకున్నయి. పరశురాములు టికెట్ల సంచి గోడ మొలకు తగిలేసి, డప్పు సంకనేసుకొని ధూంధాం దండుతోని ఊర్లు పట్టుకొని పోయిండు. గొంతు మంచిది, పిలుపులు మస్తుగొచ్చినయి. మొదట్ల ఊరూరికి రోడ్డు మీదనే వంటావార్పు, కడుపునిండ పెట్టిండ్రు. లోపలి ఊర్లకు, తండాలకు పోయినకొద్దీ పెట్టేటోళ్లకే బువ్వ తక్కువైంది.

స్వరూప మాత్రం పోచమ్మ దిక్కే మాట్లాడేది. "మింగుతదత్తా, వద్దు." అంతటితోని ఊకునేది గూడ కాదు, పిల్లను ఒళ్లె కూసోవెట్టుకొని మాటలు నేర్పేది. "అను బుచ్చీ, బాపు రేపు ఇంటికొస్తడు. అను బిడ్డా." ఎంత జల్ది మాటలొస్తే అంత జల్ది ఈ బాధ వదులుతదని.

బుచ్చి "బాపు" అనేది. మిగిలిందంత మింగేది.

స్వరూప భయం మూతల గురించి కాదు. ఆమెది గూడ చిన్నప్పుడు పెట్టే చెయ్యే. పుట్టింది చిట్యాలల. నాయిన రాజయ్య భీవండికి బట్టనేసే సాంచాలు నడప పోయిండు. ఆడ పస్తులుంటడేమోనని వాళ్లవ్వ స్వరూపకు ఏడాదిన్నరకే కుమ్మరాయనతోని మట్టి గురుగులు చేయించింది. పూటకోపారి పిల్ల "నాయినకు" అని పెట్టేది. ఆయన ఉత్తరం రాసిండు: నాకు ఫికర్ లేదు, ఆకలనేదే అయితలేదు. దసరకు రాలే. మల్ల దసరకు సుత రాలే. ఆకలైన మనిషికి ఇల్లు యాదికొస్తది గని కడుపు నిండినోనికి ఎందుకొస్తది? స్వరూప చెయ్యి పోయేటాళ్లకు ఆయనకు ఆడ వండిపెట్టేటామె దొరికింది. నా చేతులార పెట్టి నేనే పోగొట్టుకున్నననే బాధ ఆమెకు ఇప్పటికీ పోలే. మొగని ముచ్చటల గూడ గట్లనే అయితే తను బతకదు. ఆయన ఆకలితోనైనా సరే, ఇంటికి రావాలె.

ఇరవై మూడోనాడు నర్సింహులపేట నుంచి ఫోనొచ్చింది. ధూంధాం దండుల డప్పు కొట్టే హరీశ్.

"వదినే, పరేషాన్ గాకు. అన్న పాట నడిమిట్లనే పడిపోయిండు. దవాఖానకు తెచ్చినం. రెండు దినాల సంది చాయ మీదనే ఉన్నడు, తన బుక్క పక్కోళ్ల పిల్లలకు పెట్టిండు. ఇంటికి పోరాదె అన్నా అంటే, చిట్యాల దాక పోయే వస్త అంటుండు."

స్వరూప ఫోను పెట్టేసింది. ఆకలి మనిషిని ఇంటికి తెస్తదనుకున్నది గని దవాఖానకు తెస్తదనుకోలే. తన మీద తనకే కోపమొచ్చింది. పిల్లను సంకనేసుకొని స్టేషను రోడ్డుకు నడిచింది. బొమ్మల దుకాణం షట్టరు సగం దించి ఉన్నది. కిందికెళ్లి వంగి లోపలికి పోయింది.

"ఎన్నేండ్ల పిల్లమ్మా? దీని మీద మూడేండ్లు దాటినోళ్లకు అని రాసున్నది," అన్నడు దుకాణపాయన గురుగుల డబ్బ తీసి.

"రాసినోళ్లకు మా సంగతి తెల్వదన్నా. ఇయ్యి."

ఇంటికొచ్చి డబ్బ ఇప్పితే గులాబీ రంగు గ్యాసుపొయ్యి, కుక్కరు, పెనం, గంటెలు, నాలుగు చిన్న డబ్బలు: పసుపు, కారం, ధనియాలు, ఉప్పు. స్వరూప ఉప్పు డబ్బను తీసి కొంగున ముడేసుకున్నది.

"గదెందుకు తీస్తివే?" అన్నది వజ్రమ్మ.

"చిన్నగున్నది. మింగుతది."

వజ్రమ్మ కోడలి మొఖం చూసి, పొయ్యిని బుచ్చి ముందటికి జరిపింది. బుచ్చి ఉత్త పెనంల గంటె తిప్పింది, కారం దులిపింది, ఊదింది. "బాపు, ఆం."

గడియ సేపటికి పరశురాములే ఫోను చేసిండు. "ఏమే, గురుగులు కొన్నరా? సెలైను పెట్టుకొని పండుకున్నోనికి తేన్పులొస్తున్నయంటే డాక్టరు పరేషానైతుండు."

"నిండిందా?"

"నిండింది. గని ఉప్పు లేదే."

"పిల్లకు ఉప్పు తెల్వదు," అన్నది స్వరూప.

పరశురాములు లేచి తిరిగిండు, ఆ చుట్టుపక్కలనే నాలుగూర్లల్ల పాడిండు. గని రోజు ఫోన్ల గదే ముచ్చట. "ఇయ్యాల సుత చప్పగనే ఉన్నదే."

"ఎవరింట్లనన్న ఇంత తినరాదు?"

"కడుపు నిండుగున్నది, ఏడ పడుతది? నోరే సచ్చింది. పాటెత్తుకుంటే నాలిక మీద బూడిద పోసినట్టున్నది. యాదికొచ్చేదంత నువ్వు పెట్టిన మామిడికాయ తొక్కే."

ఆరోనాడు వజ్రమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఎన్నాళ్లే గిట్ల? పాపం తగులుతది."

"తగలనీ అత్తా. పానం నిలబెట్టిన గదా. వచ్చేదాక మాత్రం ఉప్పియ్య."

"నేనే గనక నీ లెక్క ఉంటే," అన్నది వజ్రమ్మ, "కారం గూడ తీసేద్దును."

ఏడోనాడు తెల్లారంగ ఫోనొచ్చింది. "వస్తున్ననే. జర నోట్లె ఇంత తొక్కు పెట్టుకొని మల్ల పోత."

స్వరూప ఉరికొచ్చి గులాబీ పొయ్యి మీదికెళ్లి గురుగులన్ని దించింది. "బుచ్చీ, ఇయ్యాల మన పొయ్యి సమ్మె." బుచ్చికి సమ్మె అంటే మా ఎరుక. పిడికిలెత్తి "జై" అన్నది.

పరశురాములు కొంత నడిచి, కొంత ట్రాక్టరెక్కి, కొంత లారీ ఆపి పొద్దూకకముందే వచ్చిండు. గడ్డం పెరిగింది, దవడలు లోపలికి పోయినయి. డప్పు దించకముందే తలుపు గల్మల నిలబడి అన్నడు:

"స్వరూపా, ఆకలైతుందే."

ఆమె కండ్లల్లకెళ్లి నీళ్లు బొటబొట కారినయి. "అన్నం పెట్టుమంటే ఏడుస్తవేందే?" అన్నడు. ఆమె పళ్లెం పెట్టింది, పప్పు పోసింది, తొక్కు ఏసింది. నాలుగు బుక్కలు గబగబ తిన్నడు.

"ఉప్పు కుదిరింది," అన్నడు.

అప్పుడామె అంతా చెప్పింది. దాచి బతుకుడు ఆమెకు చేతగాదు. ఆయన బుక్క చేతిల పట్టుకొని ఇన్నడు. కోపం చేస్తడనుకున్నది.

"మరి మీ నాయినకు," అన్నడు మెల్లగ, "ఉప్పేసినవా?"

"ఏసిన. మా అవ్వ ఉప్పుకుండల చెయ్యి పెట్టి పిడికెడు పిడికెడు ఏసిననట, అవ్వే చెప్పేది. ఏడాదిన్నర పోరిని, నాకేం తెలుసు."

బుచ్చి వచ్చి ఆయన తొడ మీదెక్కింది. చేతిల ఉన్న బుక్క పిల్ల నోట్లె పెట్టిండు.

"చిట్యాలకు హరీశ్ గాళ్లు పోతరు తియ్యి," అన్నడు. "నేను రేపటి సంది ఈన్నే, జనగామ శిబిరంలనే పాడుత. మాపటికి బువ్వకొస్త." పళ్లెం ముందటికి జరిపిండు. "ఇంకింత పెట్టు."

స్వరూప పెట్టింది.