క్షమాపణ మోసుకొచ్చిన లారీ

వదిన మిలికా పొద్దున్నే ఇస్త్రీ పెట్టె ముందేసుకుని కూర్చుంది. చేతిలో ఉన్న గౌను తనది కాదు, తోరికాది. అది చూడగానే తోరికా దగ్గరికొచ్చింది.

"నన్నెక్కడికి పంపిస్తున్నారు వదినా?"

"ఎక్కడికీ లేదులే. పెద్దవాళ్ళొస్తుంటే మాసిన గుడ్డల్తో కూర్చుంటావా?"

"ఎవరు?"

మిలికా తలెత్తలేదు. "మీ అత్తారివాళ్ళు. తిమింగలం పన్ను పట్టుకొస్తున్నారు."

తిమింగలం పంటిని చేతిలో పెట్టి తప్పొప్పుకోవడం ఫిజీలో తాతల నాటి పద్ధతి. అవతలివాళ్ళు అందుకుంటే గొడవ అక్కడితో సరి, ఆడమనిషి మొగుడింటికి మూట సర్దుకోవాల్సిందే. మంచి పద్ధతే, కాదనను. ఎటొచ్చీ దెబ్బలు తిన్నదాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

మొగుడు ఇసికెలి తన చెయ్యి విరగ్గొట్టాక తోరికా కోర్టుకెళ్ళింది. అతను ఆమె ఉన్న ఊరి ఛాయలకి రాకూడదనీ, వస్తే పోలీసులు పట్టుకుపోతారనీ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. "ఎవరు ఎవరికి ఏ పన్నిచ్చుకున్నా ఇది చెరగదమ్మా. తియ్యాలంటే మెజిస్ట్రేటే తియ్యాలి" అని పోలీసమ్మ మరీ మరీ చెప్పింది. తోరికా నమ్మింది. కానీ మెజిస్ట్రేటు పట్నంలో ఉంటాడు. ఇంట్లో ఉండేది అన్న.

ఆ అన్న సెమిసి మనసులో ఏముందో అడిగే దారి లేదు. ఈడొచ్చాక అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడకపోవడం ఆ ఊరి మర్యాద. ఏ కబురైనా వదిన నోటి మీదుగానే రావాలి. అందులో అన్న మాట ఎంతో, వదిన కలిపింది ఎంతో ఎవరికి తెలుసు? మొన్న మిలికా ఉన్నట్టుండి "ఆ కోర్టు ఉత్తర్వు ఇంకా నడుస్తోందా?" అనడిగింది. ఎందుకడిగినట్టు? రావద్దనుకున్నవాళ్ళ కోసం ఇవాళ ఇరుగింటి చాపలు కూడా తెచ్చి పరుస్తారా?

ఇంటి ముందు లారీ ఆగింది. తోరికా వంటింటి తలుపు సందులోంచి చూసింది. ఇసికెలి పెదనాన్న వనీ అన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా పన్ను పట్టుకుని, "మావాడు కుర్రతనం కొద్దీ చేశాడు" అన్నాడు. కుర్రాడట. నెత్తిన జుట్టు సగం రాలిపోయింది ఆ కుర్రాడికి.

సెమిసి పన్ను అందుకున్నాడు.

అమ్మేశాడు, సొంత అన్నే అమ్మేశాడు అనుకుంది తోరికా.

"మంచిది, కోపాలు చల్లారాయి. ఇక అమ్మాయిని లారీ ఎక్కించండి. మావాడు సిగ్గుపడి ఊరి మలుపు దగ్గరే ఆగిపోయాడు" అన్నాడు వనీ.

సెమిసి వంటింటి వైపు తిరిగాడు.

"తోరికా, నీకు వెళ్ళాలనుందా?"

చాపల మీద తలలన్నీ వంగిపోయాయి. మిలికా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పటి తర్వాత ఆ గొంతు తనని పిలవడం ఇదే. అయినా తోరికాకి ముందు అనుమానమే వచ్చింది. అందరి ముందూ అడిగి ఔననిపించుకునే ఎత్తేమో. చూడకూడదని తెలిసీ అన్న మొహంలోకి చూసింది. చెమటలు కారుతున్నాయి. ఆమె ఏమంటుందోనని భయపడుతున్నాడు.

"లేదు" అంది.

"పన్ను అందుకున్నాక ఇదేం మాటయ్యా?" అన్నాడు వనీ.

"మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య కోపం పోయింది, అందుకే తీసుకున్నాను. చెల్లెల్ని ఇస్తానని ఎప్పుడన్నాను? కోర్టు మాట తీసెయ్యడానికి నేనెవర్ని?"

తోరికా అప్పటికే ఫోనులో పోలీసమ్మతో మాట్లాడుతోంది. "ఇసికెలి మా ఊరి మలుపు దగ్గరున్నాడండీ. అవును, ఇప్పుడే."

ఆ మాట వింటూనే మలుపు దగ్గరికి కబురు పంపాలని వనీ లేవబోయాడు. సెమిసి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"కూర్చోండి పెద్దాయనా. చేపల కూర దించారు. మా ఇంటికొచ్చి తినకుండా వెళ్తే మాకు అవమానం."

వనీ కూర్చున్నాడు. మిలికా గబగబా వడ్డించింది. పోలీసు జీపు చప్పుడు వినిపించేదాకా ఎవరూ చాప మీంచి లేవలేదు.