మందు పట్టించిన విత్తనాలు

దున్నిన చేను సిద్ధంగా ఉంది. కోడలు కొంగు నడుముకు బిగించి, సంచీ మూతి విప్పి, గుప్పెడు జొన్నలు తీసింది. తీసి, నిలుచున్నచోటే కొయ్యబారిపోయింది.

గింజలు తెల్లగా ఉన్నాయి.

నిన్న పొద్దుగూకేముందు విత్తనాలకు తన చేతులతోనే పురుగుమందు పట్టించింది. అవి ఎర్రగా ఉండాలి. తిండిగింజలవీ విత్తనాలవీ ఒకేలాంటి సంచీలు. పొద్దున హడావుడిలో ఏది భుజానేసుకుందో చూసుకోలేదు. అంటే ఎర్రగింజలు ఇంట్లో, పొయ్యి పక్కన ఉన్నాయి. అత్తగారి కళ్ళకు పొరలు కమ్మాయి. మనిషి ఆకారమే తప్ప రంగు ఆనదు.

పక్కచేలో కలుపు తీస్తున్న, వరసకు వదినయ్యే ఆవిడ తలెత్తింది. "ఏమైందే, అలా నిలబడిపోయావ్?"

"సంచీ మారిపోయింది వదినా! అత్తయ్య ఈపాటికి జావ కాచేసుంటుంది!"

పరుగు. ఇంట్లో గింజ నిండుకోకుండా ఇన్నేళ్ళు కడుపు కట్టుకుని కాపాడుకొచ్చింది. ఆ చేత్తోనే ఇవాళ విషం పెట్టానా? బడి నుంచి కూతురు తిండికి వచ్చే వేళయింది. ఒక చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలియలేదు.

వంటింట్లో కూతురు గిన్నె పట్టుకుని ఊదుకుంటోంది. "ఇవాళ జావ ఎర్రగా ఉందేంటి నానమ్మా?"

కోడలు గిన్నెను ఒక్క దెబ్బతో నేలకు కొట్టింది.

"నోట్లో పోసుకున్నావా? ఒక్క గుక్కైనా?"

"లేదమ్మా, కాలుతోందని..." పిల్ల బావురుమంది.

కోడలు పిల్లను దగ్గరికి లాక్కుంది. అప్పుడు అత్తగారు మెల్లగా అంది, "నేను ఉప్పు చూశానమ్మా. చేదుగా తగిలింది. నా నోరే బాగాలేదేమోనని ఇంకో గరిటెడు తాగాను."

ఆ మాటలు ముగిసేలోగా ఆమె పెదవులు వణకసాగాయి.

చేలో వదిలేసిన సంచీ పట్టుకుని వెనకే వచ్చిన వదిన ఆటోని పిలిచింది. కోడలు మందు ప్యాకెట్ వెతికి జాకెట్లో దోపుకుంది. దారిపొడవునా అత్తగారు వాంతి చేసుకుంటూనే ఉంది. చెయ్యి మంచుముక్కలా ఉంది.

"పిల్ల తాగలేదుగా?"

"లేదత్తయ్యా."

కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. మూడోసారి అడగలేదు. కోడలు ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

డాక్టరు ప్యాకెట్ చదివి లోపలికి పరుగెత్తాడు. సాయంత్రం బయటికొచ్చి, "గండం గడిచింది. రేపటిదాకా ఇక్కడే ఉండాలి" అన్నాడు. లోపల అత్తగారు కళ్ళు తెరవకుండానే గొణిగింది, "మిగిలిన విత్తనం పారబొయ్యకు. అదునుపోతే ఏడాదంతా ఏం తింటాం?"

అత్తగారి దగ్గర వదినను కూర్చోబెట్టి కోడలు కూతురితో ఇంటికొచ్చింది. చేలోంచి తెచ్చిన తెల్లగింజల్ని నాలుగు నీళ్ళు కడిగి జావ కాచింది. ముందు తాను నాలుగు గుక్కలు తాగింది. కూతురు ఆకలంటూ గిన్నె చాచింది.

"కాసేపు ఆగమ్మా."

గోడ గడియారం కేసి చూస్తూ, తన ఒళ్ళు వణుకుతోందేమోనని గమనించుకుంటూ కూర్చుంది.