గంప కింది కోళ్లు

ఒంటినిండా చారలుండే అడవి బల్లి కనిపిస్తే చాలు, చర్ల చుట్టుపక్కల ఊళ్లలో విషపు పురుగని కర్రలెత్తుతారు. పాపం, దానికి విషమే లేదు. అలాంటి దాన్నొకదాన్ని కర్రల కింద నుంచి లాక్కొచ్చి, అద్దాల తొట్టిలో పెట్టి పెంచుకుంటోంది తబిత. పగలు దాక్కోవడానికి పెంకుముక్క, కుబుసం సులువుగా ఊడటానికి తడిగుడ్డ, తినడానికి బతికున్న పురుగులు. మొగుడు జస్టిన్ కొత్తగూడెంలో లారీ తోలుతూ ఆదివారాలే ఇంటికొస్తాడు. మిగతా రోజులు ఆమె మనసు విప్పి మాట్లాడేది ఆ బల్లితోనే.

అత్త సవరమ్మకు అది కంట్లో నలుసు. దాని భయానికి వాళ్లింటికి ప్రార్థన కూటానికి ఎవరూ రావడం లేదు. సంఘంలో ఆమె పెద్దరికం మంటగలిసింది.

మలేరియా మందు కొట్టేవాళ్లు వచ్చిన రోజు సవరమ్మ తన కోళ్లను గంప కింద మూసి పైన రాయి పెట్టింది. తబిత తొట్టిని మామిడిచెట్టు కిందికి మోసుకెళ్లి, వాసన పోయాకే ఇంట్లోకి తెచ్చింది. మందు గోడలకే కదా అనుకుంది, పిచ్చిది.

సాయంత్రం సవరమ్మ డబ్బా నిండా బొద్దింకలు పట్టుకొచ్చింది.

"ఇంద బిడ్డా, నీ బల్లి ఆకలిగుంటది. పెట్టుకో."

అత్త నోట 'బిడ్డా' అన్న మాట వినడం తబితకు అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మత్తుగా కదులుతున్న బొద్దింకలను ఒక్కొక్కటే తన చేత్తోనే తినిపించింది.

తెల్లారేసరికి బల్లి వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుని, తబిత అరచేతిలోనే చచ్చిపోయింది.

"ఏడ్వకు బిడ్డా. దానికంతే రాసుంది," అంది సవరమ్మ, చాటలో బియ్యం ఏరుతూ.

పెరట్లో గుంట తీసి పూడ్చుతుంటే గంప కింద కోళ్లు గోల పెట్టాయి.

"పొద్దెక్కినా కోళ్లనిడువలేదేంది అత్తమ్మా?"

"ఇడుస్తే ఇంట్లకు ఉరికి మందు తాగిన పురుగులు తింటయి. సావవూ?"

అన్నాక గానీ తానేమన్నదో సవరమ్మకు తట్టలేదు. చాటలోంచి తలెత్తలేదు.

తబిత ఏడుపు ఆగిపోయింది. వెళ్లి గంప మీది రాయి తీసింది. నిన్నటి ఆకలి మీదున్న కోళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఇంట్లోకి దూరాయి.

"నా కోళ్లే! కొట్టవే వాటిని!" చాట విసిరేసి లేచింది సవరమ్మ.

తబిత గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆకలిగున్నయి అత్తమ్మా. తిననియ్యి."