తల లేని అక్షరాల్లో టీచరమ్మ ఉత్తరం

తోయ్ మూడే మూడు వారాల్లో అక్షరాల పండితుడైపోయాడు. వాళ్ల ఊరు పెచ్చబురిలో తాటిచెట్టెక్కి నీరా దించడం నేర్చుకోవాలంటేనే ఒక ఎండాకాలమంతా పడుతుంది. అదేమిటో, ఇంటర్నెట్‌లో ఏ విద్యకీ అంత ఆలస్యం ఉండదు. ముప్పై నాలుగేళ్ల మనిషి, బీమా కంపెనీలో ఉద్యోగం పోయాక, కాలం చేసిన పెదనాన్న ప్రెస్సు నడుపుతానని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఉచిత పాఠాలు నలభై రెండు. చివర్లో ఒక సర్టిఫికెట్టు. పంపేది వాళ్లే కానీ అచ్చేసుకోవాల్సింది మనమేనట. అచ్చేసుకుని, పెదనాన్న ఫొటో పక్కనే, ఆయనకన్నా జానెడు ఎత్తులో తగిలించుకున్నాడు.

పెద్దమ్మ లమూన్ ఇదంతా ఫారాలు మడత పెడుతూ చూసేది. ఆవిడ చదువు నాలుగో తరగతి. నలభై ఏళ్లపాటు ఆ ప్రెస్సులో ఆవిడ పని, అచ్చయిపోయిన పేజీని విప్పి, సీసపు అక్షరాలను మళ్లీ వేటి గడిలో వాటిని వెయ్యడం. కళ్లు మూసుకుని చెయ్యి పెడితే అడిగిన అక్షరం దొరికేది. ఆ విద్యకి మాత్రం ఎవరూ సర్టిఫికెట్టు పంపలేదు.

"ఏమిట్రా అది, ఆటా?" అని అడిగింది ఒకరోజు.

"ఆట కాదు పెద్దమ్మా, పరీక్ష. అక్షరాల మధ్య ఖాళీని జరిపి సరిచెయ్యాలి. చూడు, నూటికి తొంభై ఏడు!"

"అబ్బో! మీ పెదనాన్నకి ఎన్ని వచ్చేవో పాపం. ఆయన్ని ఎవరూ అడగలేదు."

ఆ వెలుగుతున్న అద్దంలో ఎన్ని బళ్లున్నాయో! ఒకచోట ఫాంట్లు ఊరికే పంచిపెడతారు. తోయ్ వెయ్యిన్ని నూట నలభై తెచ్చుకున్నాడు. ఒకచోట ఎన్నడూ వాడకూడని ఫాంట్ల జాబితా ఉంటుంది. ఒకచోట ఏ బోర్డు ఫొటో పెట్టినా, ఆ అక్షరాల ఇంటిపేరుతో సహా చెబుతారు. ఇవి చాలనట్టు ఒక గ్రూపు. ఆ గ్రూపువాళ్లు ఒక్క అక్షరం నడుము సన్నమా లావా అని నాలుగు రోజులు తిట్టుకోగలరు. ఇంత నేర్చాక మనిషి మామూలుగా ఉంటాడా? నూడుల్స్ కొట్టుకి వెళ్లి, గిన్నె చల్లారేదాకా బోర్డు చూసి నిట్టూర్చేవాడు.

"మీ అక్షరాలు మరీ అరుస్తున్నాయండీ," అన్నాడు కొట్టావిడతో.

"అరవకపోతే బైకుల మీద పోయేవాళ్లు ఆగుతారా నాయనా? నువ్వు తిను," అందావిడ.

అలా ఉండగా ప్రయోంగ్ టీచరమ్మ పోయింది. తొంభై ఒక్కేళ్లు. ఊళ్లో అరవై దాటిన ప్రతివాడికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఇక్కడి లిపిలో అక్షరం మొదట్లో చిన్న సున్న ఉంటుంది, అదే దాని తల. ఆ సున్న సరిగ్గా మూసుకోకపోతే రూళ్లకర్ర వేలి కణుపుల మీద పడేది. లమూన్ కుడిచేతి చూపుడువేలికి ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంది.

దహనం నాడు వచ్చినవాళ్లందరికీ, పోయినవాళ్ల కథ అచ్చేసిన పుస్తకం పంచడం ఇక్కడి ఆచారం కదా. టీచరమ్మ తన పుస్తకం తానే రాసుకుంది. పోవడానికి నెల ముందు కాగితాలన్నీ లమూన్ చేతిలో పెట్టి, పైనున్న ఉత్తరం మీద వేలు ఆనించింది.

"ఇది మొదటి పేజీలో వెయ్యి. నా పిల్లలందరూ చదవాలి. ఆఖరి వాక్యం ఒక్కడు కూడా వదలకూడదు. వదిలారో, నీ సంగతి చూస్తాను లమూన్."

"అలాగే టీచరమ్మా. నాది పూచీ," అంది లమూన్, డెబ్బై ఏళ్లు నెత్తినేసుకుని చేతులు కట్టుకు నిలబడి.

తోయ్‌కి పండగే. నేర్చిందంతా ఆ పుస్తకం మీద కుమ్మరించాడు. ప్రూఫు తెచ్చి చూపిస్తే లమూన్‌కి ఏదీ పోల్చుకోవడానికి రాలేదు. అక్షరాలన్నిటికీ తలలు నరికేశారు. ఉన్నది కూడా పేజీ అడుగున చీమల బారులా ఉంది.

"తలలేవిరా?"

"తలలు పాతకాలం పెద్దమ్మా. ఇప్పుడంతా ఇంతే. పైనంతా తెలుపు ఎందుకు వదిలానో తెలుసా? పేజీ ఊపిరి పీల్చుకోవాలి."

"పేజీ పీల్చుకుంటుంది సరే. దీన్ని చదవబోయిన ముసలాళ్లకి ఊపిరాడద్దూ?"

"నీకు కళ్లజోడు మార్చాలి. గ్రూపులో పెడితే రెండువందల నలభై మంది మెచ్చుకున్నారు! 'ఈ పేజీ మాట్లాడుతోంది' అని రాశాడొకాయన."

రెండువందల నలభై మంది ముందు నాలుగో తరగతి ఎంత? నిజంగానే కళ్లలో లోపమేమో అనుకుని లమూన్ వెళ్లి కొత్త కళ్లజోడు చేయించుకుంది. అది చేతికొచ్చేసరికి గురువారమైంది. నాలుగువందల పుస్తకాలూ అచ్చయి, కుట్టయి, దొంతర్లుగా ఉన్నాయి. దహనం శనివారం.

కొత్త అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తీసింది. వేలు ఆనించి, ఒక్కో అక్షరానికి తనే మనసులో తల అతికిస్తూ, పెదాలు కదుపుతూ చదివింది. ఆరు పంక్తులు దాటడానికి అన్నం ఉడికేంత సేపు పట్టింది. అప్పుడు పిలిచింది.

"ఒరేయ్ తోయ్. టీచరమ్మకి శాండ్‌విచ్ అంటే ఇష్టమా?"

"ఏమో. ఎందుకు?"

"'శాండ్‌విచ్ మేనేజరు స్ట్రాబెర్రీ ఉద్యమం, లిఫ్టులో సెమినారు, పెళ్లికి ఐస్‌క్రీము' అని రాసిందిరా, పోతూ పోతూ."

తోయ్ మొహం అచ్చు వెయ్యని కాగితంలా అయింది. పేజీ అందం చూసుకోవడానికి అర్థం లేని మాటలు నింపి పెట్టుకుంటారు. అసలు మాటలొచ్చాక వాటిని తీసెయ్యాలి. ఇరవై ఏడో పాఠం. తియ్యడం మరిచిపోయాడు.

"మరి ఆ రెండువందల నలభై మంది?" అంది లమూన్.

"వాళ్లు... చదవరు పెద్దమ్మా. చూస్తారు."

"మంచివాళ్లు. కళ్లు అరగవు."

పుస్తకాలన్నీ మళ్లీ వెయ్యడానికి వ్యవధి లేదు. ఉత్తరం ఒక్కటీ విడి కాగితంగా వేసి లోపల పెడితే సరిపోతుంది. తలలున్న ఫాంటు ఒక్కటి చాలు. తోయ్ దగ్గరున్న వెయ్యిన్ని నూట నలభైలో అలాంటిది ఒక్కటీ లేదు, అవన్నీ ఆఫీసు మొహాలంటూ ఎప్పుడో తీసేశాడు. మళ్లీ వెతకడం మొదలెట్టాడు. శుక్రవారం పొద్దున్నకి పదిహేడు దొరికాయి. ఏది మేలో తేలక గ్రూపులో ఓటింగు పెట్టాడు. మధ్యాహ్నానికి రెండు ముఠాలయ్యాయి.

ఈలోగా లమూన్ వెనకగదిలోకి వెళ్లి, సీసపు అక్షరాల కేసుల మీద దుమ్ము ఊది, స్టూలు లాక్కుంది. చెయ్యి పెట్టింది. నలభై ఏళ్లు గడుల్లో వేసిన అక్షరాలను ఈసారి తియ్యడమే కదా. సాయంత్రానికి ఉత్తరం నిలబడింది, ప్రతి అక్షరం తలతో సహా. పాత ట్రెడిల్ మిషను కీచుమంటూ నాలుగువందల కాగితాలు అచ్చేసింది. అప్పటికి ఓటింగులో తొమ్మిదో ఫాంటు ముందుంది.

శనివారం గుడి ఆవరణ నిండా నల్లబట్టల్లో ముసలివాళ్లు, చేతుల్లో చితి మీద ఉంచే చందనపు పువ్వులు, ఒళ్లో పుస్తకాలు. కాగితం తీసి కళ్లద్దాలు సర్దుకున్నారు. పెదాలన్నీ ఒక్కసారిగా కదలడం మొదలెట్టాయి. చూస్తే మూడో తరగతి గదే.

"పిల్లలూ," అని రాసింది టీచరమ్మ. "మీ వేళ్ల మీద కొట్టినందుకు నాకేమీ విచారం లేదు. ఇన్నేళ్లూ మీరు రాసిన ఉత్తరాలన్నీ నాకు అర్థమయ్యాయి. చదవడం అయినవాళ్లు చెయ్యెత్తండి. అందరూ ఎత్తేదాకా నేను కదలను."

మొదట మాజీ పోస్టుమాస్టరు చెయ్యి లేచింది. తర్వాత నూడుల్స్ కొట్టావిడది. వణికే చేతులు, కట్టు కట్టిన చేతులు, ఒక్కొక్కటే లేచి ఆగాయి. లమూన్ చెయ్యి కూడా లేచింది. మంత్రాలు చదువుతున్న భిక్షువు ఆగాడు. అందరూ ఒకవైపుకి తిరిగి చూశారు. స్తంభం పక్కన తోయ్ ఒక్కడే, కాగితాన్ని వెలుగులో పట్టుకుని ఫొటో తీస్తున్నాడు.

"గ్రూపులో పెడదామని పెద్దమ్మా, ఈ ఫాంటు పేరేమిటో..."

"ముందు చదవరా. టీచరమ్మకి వేళవుతోంది."

నాలుగువందల మంది చేతులెత్తి చూస్తుంటే తోయ్ చదివాడు. చిన్నగా పెదాలు కదిలాయి. అయ్యాక చెయ్యెత్తాడు.

"ఫోన్ లేని చెయ్యి," అంది లమూన్.